కంట్రోల్ లేన్‌లో కూడా బ్యాండ్

మత్తికెరె, బెంగళూరు, బుధవారం రాత్రి.

పొద్దున లేచినప్పటి నుంచీ జెల్ మీదే ధ్యాస, ప్రొటీన్లని బరువును బట్టి వేరు చేసి చూపించే ఆ పలక మీదే. సోమవారం నడిపిన జెల్ నా పొరపాటు వల్లే పోయింది. అలవాటు కొద్దీ మామూలు శాంపిల్ బఫర్ కలిపేశాను. అందులో మెర్కాప్టోఇథనాల్ ఉంటుంది. ప్రొటీన్‌కీ డీఎన్‌ఏకీ మధ్య నేను చూడాలనుకున్న గంధకపు బంధాన్నే అది తెంపేస్తుంది. రెండు వారాలు కూర్చుని శుద్ధి చేసుకున్న ప్రొటీన్‌లో సగం అలా వృథా అయింది. అందుకే ఈరోజు మెర్కాప్టోఇథనాల్ లేని బఫర్ సీసా మీద ఎర్ర స్కెచ్‌తో పెద్దగా రాసి పెట్టుకున్నాకే పిపెట్ ముట్టుకున్నాను.

నా పనంతా ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్ చుట్టూ. హెచ్ఐవీ తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా రాసుకున్నాక, దాన్ని మన కణంలోని డీఎన్‌ఏకి అతికించేది ఇదే. కడియంలో నాన్న మామిడి అంట్లు కట్టడం చూస్తూ పెరిగాను కాబట్టి దీని పని మొదటి రోజే నా మనసుకి పట్టేసింది. నాన్న ముందు పుల్ల చివర చాకుతో చెక్కుతారు, ఆ తర్వాత మొక్కకి గాటు పెట్టి అందులో దూరుస్తారు. ఇంటిగ్రేజ్‌దీ అదే వరస. వైరస్ డీఎన్‌ఏ కొసన సీఏజీటీ అనే నాలుగు అక్షరాలుంటాయి. చివరి రెండూ, అంటే జీటీ, కోసేస్తుంది. సీఏతో మిగిలిన కొసని మన డీఎన్‌ఏలో నాటుతుంది. చెక్కడమూ నాటడమూ రెండూ ఒక్క చోటే జరుగుతాయి. 64, 116 స్థానాల్లో ఆస్పార్టేట్లు, 152లో గ్లుటమేట్. ఈ మూడూ కలిసి మెగ్నీషియం అయాన్లు రెండింటిని పట్టుకుని ఉంటాయి. 288 అమైనో ఆమ్లాల గొలుసులో చాకు ఉన్నది అక్కడే.

ఆ చాకు చుట్టూ ఏ అమైనో ఆమ్లం డీఎన్‌ఏలోని ఏ అక్షరానికి దగ్గరగా ఉందో తేల్చాలి. కంటికి కనబడదు కాబట్టి ముడి వేసి చూస్తాం. ప్రొటీన్‌లో ఒక చోట సిస్టీన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లం పెడతాం, డీఎన్‌ఏలో ఒక అక్షరానికి గంధకం ఉన్న చిన్న తోక తగిలిస్తాం. రెండూ నిజంగా పక్కపక్కనే ఉంటే రెండు గంధకాలూ కలిసి బంధం పడుతుంది, డీఎన్‌ఏ బరువు కూడా మోస్తున్న ప్రొటీన్ జెల్‌లో కాస్త పైన ఆగిపోతుంది. నేను ఎంచుకున్నది 148వ స్థానం. అక్కడ మామూలుగా గ్లుటమిన్ ఉంటుంది. రోగిలోని వైరస్‌లో అది మారిపోతే, ఇంటిగ్రేజ్‌ని ఆపే రాల్టెగ్రావిర్ అనే మందు పట్టు సడలిపోతుంది. ఆ మందు కూర్చునేది ఈ గుంటలోనే, రెండు లోహ అయాన్లనీ పట్టుకుని, వైరస్ కొసలో సీఏలోని ఆ చివరి 'ఏ' (A) అక్షరాన్ని పక్కకి నెట్టి. అంత ముఖ్యమైన చోట ఎవరు ఎవరిని తాకుతున్నారో అంగుళం అంగుళం తెలియాలని నాకు పట్టుదల.

మధ్యాహ్నం తిండి సంగతి మర్చిపోయాను. నాలుగింటికి జెల్ తీసి రంగు వేశాం. 148 శాంపిల్ నడిచిన లేన్‌లో, అంటే జెల్‌లో దాని వరసలో, పైన చక్కటి బ్యాండ్, ప్రొటీన్ ఆగిన చోట పడే గీత. గుండె ఝల్లుమంది. పక్క లేన్‌లో అదే శాంపిల్‌కి, గంధకపు బంధాన్ని తెంపే డీటీటీ అనే రసాయనం కలిపాం, అక్కడ బ్యాండ్ మాయం. అంటే ముడి నిజమైనదే. ఇంతలో జూనియర్ మెల్లగా, "అక్కా, కంట్రోల్‌లో కూడా ఉంది కదా" అంది.

ఉంది. నేను సిస్టీన్ పెట్టని మామూలు ఎంజైమ్ లేన్‌లో, సన్నగా అయినా, అదే ఎత్తులో.

కాసేపు కుర్చీలో కూలబడ్డాను. తర్వాత ఇద్దరం సీక్వెన్స్ తెరిచి లెక్కపెట్టాం. ఇంటిగ్రేజ్‌కి సొంత సిస్టీన్లు ఆరున్నాయి: 40, 43, 56, 65, 130, 280. మొదటి రెండూ జింక్‌ని పట్టుకుని ఉంటాయి, వాటి మీద నాకు అనుమానం లేదు. కానీ 65? చాకులో భాగమైన 64కి ఆనుకునే ఉంది. దాన్ని నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. 280 తోక చివర్లో ఉంటుంది, అది ఇటు ఒరిగి తగలదని కూడా చెప్పలేను. ఆ అమ్మాయి చూపించకపోతే మొదటి బ్యాండ్ చూసి సంతోషపడి మీటింగ్‌లో స్లయిడ్ పెట్టేసేదాన్నేమో. వెళ్ళేటప్పుడు దానికి థాంక్స్ చెప్పాను, మొహమాటపడింది.

బయట సన్నగా వాన. దర్శినిలో నిలబడి ఇడ్లీ తింటుంటే నాన్న ఫోన్. జరిగిందంతా చెప్పాను. ఆయన అడిగేవి ఎప్పుడూ సూటిగా ఉంటాయి. "మరి ఆ మందులు వాడితే వైరస్ పోతుందా అమ్మా?" అన్నారు.

"కొత్తగా అంటు పడకుండా ఆపుతాయి నాన్నా. ముందే పడిన అంట్లని విడదీయలేవు. అందుకే మాత్ర మానకూడదు."

నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అతుక్కుపోయిన అంటుని విడదీయాలంటే చెట్టు చీలిపోతుంది కదా" అని మాత్రం అన్నారు. మన దేశంలో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. మా చిన్న మామయ్య 2003లోనే పోయారు. ఆ మాట నాన్నా అనలేదు, నేనూ అనలేదు.

రూమ్‌కి వచ్చి 56, 65, 280 మూడింటినీ గంధకం లేని సీరైన్‌గా మార్చడానికి ప్రైమర్లు, అంటే ఆ మార్పు ఉన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలు, గీశాను. 148లో సిస్టీన్‌ని ఆ మారిన ఎంజైమ్‌లోనే పెట్టాలి. రేపు పొద్దున్నే ఆర్డర్ పెట్టి, ఉన్న ప్రొటీన్‌ని చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి.