మే నెలలో కాలవలో నీళ్ళెక్కడివి?

రెండు తాళాలూ కొత్తగా మెరుస్తున్నాయి. నా మొదటి నవల అక్కడ పుట్టింది.

నేను పనిచేసేది హైదరాబాద్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు మోటార్ క్లెయిమ్స్ సెక్షన్‌లో. బండి పోయిందని వచ్చినవాళ్ళ దగ్గర ఎఫ్ఐఆర్ కాపీ, ఆర్సీ, బండి దొరకలేదని పోలీసులిచ్చే అన్‌ట్రేస్డ్ రిపోర్టు, వాటితోపాటు బండి తాళాలు రెండూ తీసుకుంటాం. మామూలుగా ఒకటి అరిగి, నల్లబడి, ఏ తిరుపతి కీచైన్‌కో వేలాడుతుంటుంది. రెండోది బీరువాలోంచి అప్పుడే తీసినట్టు ఉంటుంది. 2021లో ఒక ఫైల్లో రెండూ కొత్తవే వచ్చాయి. నాలుగేళ్ళు రోజూ తిరిగిన బండి అది. మరి తిప్పిన తాళం ఏది?

అసలు జవాబు చప్పగా ఉంది. ఆయన ఎప్పుడో తాళాలు పోగొట్టుకుని లాక్‌సెట్ మొత్తం మార్పించుకున్నాడు. బిల్లు కూడా చూపించాడు. క్లెయిమ్ పాసైపోయింది. నా బుర్రలో మాత్రం ఆ ఫైలు క్లోజ్ కాలేదు.

ఇందులో నాన్న తప్పు కూడా ఉంది. రావులపాలెంలో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి, తిరిగివ్వని డిటెక్టివ్ నవలలు పదకొండు మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండేవి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో నాకు అలా పరిచయం. కొన్నింటికి చివరి పేజీలు లేవు. హంతకుడెవరో నేనే తేల్చుకోవాల్సి వచ్చేది. కథ అల్లడం అలా అలవాటైందని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడు మాత్రం ఆ షాపు వాణ్ణి తిట్టుకునేదాన్ని.

2022 ఉగాదికి మొదలుపెట్టాను. పొద్దున్న ఐదు నుంచి ఏడు దాకా రాత, తర్వాత స్నానం, బస్సు, ఆఫీసు. డిసెంబర్‌కి యాభై వేల మాటలైంది. కథ మా అమ్మ వాళ్ళ కోనసీమలో పెట్టాను. మే నెల, వడగాలి, మధ్యాహ్నం రెండు గంటలు. నిండా పారుతున్న కాలవలో ఒక శవం కొట్టుకొచ్చి లాకుల తలుపులకు, అంటే నీళ్ళని ఆపే గేట్లకు ఆనుతుంది. మొదటి అధ్యాయం అదే. ఆ అధ్యాయం మీద నాకు చాలా ప్రేమ. ఎన్నిసార్లు తిరగరాశానో లెక్క లేదు.

2023 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ప్రింటవుట్ పట్టుకెళ్ళాను. మా అమ్మమ్మ గారి ఎదురింట్లో వరసకి తాతయ్య ఒకాయన ఉన్నారు. ఇరిగేషన్‌లో లస్కర్‌గా చేసి రిటైరయ్యారు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, గట్లు చూసుకోవడం, ముప్పై ఏళ్ళు అదే ఆయన పని. కథంతా కాలవ చుట్టూ కదా అని ఆయన అరుగు మీదే కూర్చుని గర్వంగా చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీ కూడా పూర్తి కాలేదు, చుట్ట పక్కన పెట్టారు.

"ఏమ్మా, ఇది ఏ నెలన్నావ్?"

"మే తాతయ్యా."

"మే నెల్లో కాలవలో నీళ్ళెక్కడియ్యమ్మా?"

డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలవలకు నీళ్ళు వదిలేది సార్వా, అంటే వానాకాలం వరి కోసం జూన్‌లో. దాళ్వా, అంటే రెండో పంట కోతకొచ్చాక ఏప్రిల్‌లో కట్టేస్తారు, అంటే నీళ్ళు ఆపేస్తారు. కట్టే ముందు ఊరి మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. ఇక నీళ్ళు మళ్ళీ వదిలేదాకా పూడిక తీయడం, లాకుల తలుపులు బాగుచేయడం, గట్లు వేయడం. మే నెలలో మా కాలవలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటారట. కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన 1852 నుంచి ఆ నీళ్ళ మీదే బతుకుతున్న ఊరి మనవరాలిని, ఈ ఒక్క ముక్క తెలియకుండా నవల రాసి కూర్చున్నాను.

ఎలా తెలియకుండా పోయిందా అని తర్వాత ఆలోచించాను. మేం ఊరికి వెళ్ళేది సంక్రాంతికే. ఎండాకాలం సెలవులకు అమ్మమ్మే హైదరాబాద్ వచ్చేది, ఇక్కడ కూలర్ ఉందని. నా జన్మలో నేను ఆ కాలవని ఖాళీగా చూడలేదు. నా లెక్కలో అది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

మూడు వారాలు ఫైలు తెరవలేదు. నెల మార్చేస్తే సరిపోతుందని అమ్మ అంది. సరిపోదు. ఎండలో శవం ఎంతసేపట్లో ఉబ్బుతుంది, సాక్షి ఎందుకు ఇంట్లో పడుకున్నాడు, కరెంటు కోత ఎప్పుడు, అన్నీ మే నెలకి కట్టి పెట్టుకున్నాను. ఒక్క దారం లాగితే అల్లికంతా వచ్చేస్తుంది.

ఒకరోజు ఆఫీసులో టీ తాగుతుంటే తట్టింది. నాకు తెలియనప్పుడు హంతకుడికి మాత్రం తెలియాలనేముంది?

అంతే, కథ తిరగబడింది. హత్య భోగి ముందు రోజు రాత్రి, 2023 జనవరి 13న. శవం రెండు రోజులకు లాకుల దగ్గర దొరుకుతుంది, తాగి పడిపోయాడనుకుంటారు. అతని బండి మాత్రం కనిపించదు. దొంగలెత్తుకుపోయారని ఇంట్లోవాళ్ళు క్లెయిమ్ వేస్తారు, రెండు కొత్త తాళాలు పెట్టి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు. నాలుగు కిలోమీటర్ల ఎగువన బురదలోంచి హ్యాండిల్ పైకి తేలుతుంది. అరిగిన మూడో తాళం దానికే ఉంటుంది. ఈ ఊరివాడెవడూ బండిని మూడు నెలల్లో బయటపడే చోట దాచడు. దాచినవాడు బయటివాడు, నాలాగే పండక్కి మాత్రమే వచ్చిపోయేవాడు. ఇది చెప్పేస్తే సగం నవల చెప్పేసినట్టే. ఫర్వాలేదు, మిగతా సగం కూడా బాగానే ఉంటుంది.

అసలు కష్టం తర్వాత వచ్చింది. కాలవలు కట్టేస్తారన్న సంగతి గోదావరి పాఠకుడికి ముందే తెలుసు, మిగతా వాళ్ళకి తెలీదు. చివర్లో చెప్తే వాళ్ళని మోసం చేసినట్టు, మొదట్లో చెప్తే గుట్టు విప్పేసినట్టు. చివరికి నాలుగో అధ్యాయంలో ఒక ముసలామె నోట పెట్టాను. "చెరువు నింపుతున్నారు, ఈ వారంలో కట్టేస్తారంట, బిందెలు కడిగి పెట్టుకోండే" అని కోడళ్ళ మీద కేకలేస్తుంది. తెలిసినవాడు ఉలిక్కిపడతాడు, తెలియనివాడికి అది ఊరి వాతావరణం. అమలాపురం కజిన్ ఒకడికి, నిజామాబాద్ నుంచి వచ్చిన మా కొలీగ్‌కి ఇచ్చి చూశాను. వాడు అరవయ్యో పేజీలో పట్టేశాడు. ఆమె నూట తొంభైలో పట్టుకుని, వెనక్కి తిప్పి ఆ బిందెల మాట వెతుక్కుని, నాకు ఫోన్ చేసి తిట్టింది. ఆ తిట్లు విన్నాక రాత్రి బాగా నిద్ర పట్టింది.

ఇంత దెబ్బ తిన్నాక ఊహించి రాయడమంటే భయం పట్టుకుంది. తెలిసినవాళ్ళ ద్వారా ఒక రిటైర్డ్ ఎస్సైని కలిశాను. నా ఇన్‌స్పెక్టర్ ప్రతి సీన్లో బల్ల గుద్దుతుంటే ఆయన నవ్వి, "అంత తీరిక ఎక్కడమ్మా, సీడీ రాసుకోవాలి కదా" అన్నారు. కేస్ డైరీ అన్నమాట. స్టేషన్లో అన్ని కాగితాలూ ఎక్కడున్నాయో తెలిసినవాడు అక్కడ రాతపని చూసే కానిస్టేబుల్, అదే రైటర్ ఒక్కడేనని కూడా ఆయనే చెప్పారు. దాంతో నా నవల్లో రైటర్‌కి ఒక అధ్యాయం దక్కింది, బల్ల బతికిపోయింది.

ఫోరెన్సిక్ డాక్టర్ ఒకరు డయాటమ్ పరీక్ష గురించి చెప్పారు. నీళ్ళలో కంటికి కనిపించని నాచు కణాలుంటాయి, వాటికి ఇసుకలాంటి గట్టి పెంకు. బతికుండగా మునిగితే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి ఎముక మూలుగ దాకా చేరతాయి. శవం దొరికిన చోటి నీళ్ళ శాంపిల్‌తో పోల్చి చూస్తారు. నేను ఎగిరి గంతేశాను. ఆయన మాత్రం చల్లగా, అవి దొరకనంత మాత్రాన మునగలేదని తేల్చేయలేమని, కోర్టులో దాని మీదే కేసు నిలబెట్టడం కష్టమని అన్నారు. నా డాక్టర్ పాత్ర కూడా ఇప్పుడు అలాగే నీళ్ళు నములుతాడు.

ఇంతలో 2024 జూలై 1 వచ్చింది. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు 302 పోయి 103 అయింది. అనుమానాస్పద మృతికి సీఆర్‌పీసీ 174 పోయి, దాని బదులొచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 194 అయింది. నేను తెలివిగా ఫైల్లో 302 అని ఉన్నచోటల్లా 103 అని ఒక్క నొక్కుతో మార్చేశాను. హీరోయిన్ ఉండే ఫ్లాట్ నంబర్ కూడా 302. అది కాస్తా 103 అయి కూర్చుంది. ఆ బాల్కనీలోంచి ఆమెని తోసేసే సీను ఒకటుంది. మూడో అంతస్తు నుంచి పడి కోమాలోకి వెళ్ళాల్సిన మనిషి మొదటి అంతస్తు నుంచి పడింది. మహా అయితే కాలు బెణుకుతుంది. అది సరిచేసేలోపు లాయర్ ఫ్రెండ్ ఇంకో బాంబు పేల్చింది. నేరం జరిగింది 2023లో కాబట్టి పాత సెక్షనే వర్తిస్తుందట. మళ్ళీ అన్నీ వెనక్కి. ఈసారి ఒక్కొక్కటీ చేత్తో మార్చాను.

ప్రచురణ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తర్వాత పుస్తకం కావడం నాన్న తరం రచయితల దారి. కరోనా తర్వాత చాలా వారపత్రికలు అచ్చే ఆపేశాయి. మిగిలిన వాటిలో ఒకదానికి పంపితే ఎనిమిది నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఒక ప్రచురణకర్త, "థ్రిల్లర్లు ఎవరు చదువుతున్నారమ్మా, ఓటీటీలో చూసేస్తున్నారు" అన్నారు. సొంతంగా వేసుకుందామని డిసైడయ్యాను. పుస్తకానికి ఉండే గుర్తింపు నంబరు, ఐఎస్‌బీఎన్, రచయిత పేరుతోనే అప్లై చేసుకోవచ్చు. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్ళు ఉచితంగానే ఇస్తారు.

డీటీపీ దగ్గర మాత్రం ఏడుపొచ్చింది. నేను రాసింది యూనికోడ్, అక్కడ వాడేది అను ఫాంట్లు. కన్వర్ట్ చేయగానే సగం ఒత్తులు ఒకచోట, అక్షరాలు మరోచోట. మూడుసార్లు ప్రూఫులు దిద్దాను. మూడోసారి చూస్తే పుస్తకమంతా 'లస్కర్' అన్న మాట 'లష్కర్' అయి ఉంది. ఆపరేటర్ కుర్రాడు సికింద్రాబాద్ వాడు, ఆ ఊరికి లష్కర్ అని కూడా పేరు. "లష్కర్ బోనాలు అంటాం కదా మేడం, మీరు తప్పు కొట్టారనుకున్నా" అన్నాడు. ఆ అబ్బాయిని ఏమనాలి? కాలవ గట్టు ఊరి మనవరాలినై ఉండి నేను చేసిన తప్పు ముందు అదెంత.

పేజీలు 229 వచ్చాయి. డెమీ సైజులో ఫారానికి, అంటే ప్రెస్సులో ఒక్కసారి అచ్చయ్యే పెద్ద కాగితానికి, పదహారు పేజీలు. పద్నాలుగు ఫారాలంటే 224. ఆ ఐదు పేజీల కోసం ఇంకో ఫారం కాగితం ఎందుకు దండగ, తగ్గించెయ్యమన్నారు ప్రెస్సులో. హీరోయిన్‌కి వచ్చే కల ఒకటి తీసేశాను. ఎడిటర్ లేని లోటు అలా ప్రెస్సు వాళ్ళు తీర్చారు. ఇప్పటికీ ఎవరూ ఆ కల ఏదని అడగలేదు.

ఐదు వందల కాపీలు వేశాం. 2024 డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్, తెలిసినవాళ్ళ స్టాల్లో ఒక మూల. షాపుల వాళ్ళకి నలభై శాతం దాకా కమిషన్ పోతుంది కాబట్టి చేత్తో అమ్మిందే లాభం. పుస్తకాలకు చవగ్గా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ సరిగ్గా ఆ నెల్లోనే ఎత్తేశారు. పోస్టల్ ఖర్చుల లెక్కంతా మళ్ళీ వేసుకున్నాను. స్టాల్ దగ్గర ఒక పెద్దాయన పుస్తకం తీసుకుని, నేరుగా చివరి పేజీ తిప్పి చదివి, తల ఊపి, కొన్నారు. ఆయన్ని ఏం చేసినా పాపం లేదనిపించింది.

ఇప్పటికి మూడు వందల నలభై పోయాయి. మిగిలినవి మంచం కింద ఉన్నాయి. పెట్టుబడి దాదాపు వెనక్కొచ్చింది. ఆ రెండేళ్ళ పొద్దుటి నిద్ర లెక్కలో వేయలేదు.

తాతయ్యకి ఒక కాపీ పంపాను. చూపు ఆనదు కాబట్టి మనవడి చేత రోజుకింత చదివించుకుని నెల పట్టించారు. అయిపోయాక ఫోన్ చేశారు. నీళ్ళ సంగతి బాగా రాశావన్నారు. తలుపులెత్తే సీను బావుందన్నారు. తర్వాత కాసేపు ఆగారు. ఆ ఆగడం నాకు తెలుసు, చుట్ట పక్కన పెడుతున్నారు.

"భోగి ముందు రోజు రాత్రి బండి తోసేశాడన్నావు. గట్టు మీద నరమానవుడు లేడన్నావు."

"అవును తాతయ్యా."

"ఆ రాత్రి మా ఊరి కుర్రాళ్ళంతా గట్టు మీదేనమ్మా ఉండేది. భోగిమంటకి దుంగలు ఎత్తుకురావాలి కదా. తెల్లార్లూ తిరుగుతారు."

పుస్తకం అచ్చయిపోయింది. భోగి ముందు రోజు రాత్రి నేనెప్పుడూ నిద్రపోతూనే ఉన్నాను, ప్రతి సంక్రాంతికీ.

"అయితే వాళ్ళు చూసుంటారంటారా?"

"చూడకేం. ఎవరి దొడ్లోంచి దుంగ ఎత్తుకొచ్చారో చెప్పాల్సొస్తుందని నోరు మూసుకునుంటారు."

ఫోన్ పెట్టేశాక కొత్త ఫైలు తెరిచాను. ఈసారి మొదటి మాటగా నెల రాయలేదు. 'దుంగ' అని రాశాను.