కోసే వేళ, దాచే తీరు

పెరటి ఆకులను నిల్వ చేసేటప్పుడు, ఎండబెట్టే పద్ధతికంటే కోసే వేళకే నేను ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను. పుదీనా, తులసి వంటి మొక్కలలో సువాసననిచ్చే తైలాలు పూతకు కాస్త ముందు సమృద్ధిగా ఉంటాయి కాబట్టి, మొగ్గలు కనిపించగానే, ఉదయం మంచు తడి ఆరిన తరువాత, ఎండ ముదరకముందే కొమ్మలను కోయడం మంచిది. ఆ తైలాలు వేడికి త్వరగా ఆవిరైపోతాయి. అందువల్ల ఆకులను ఎండలో కాక, గాలి ఆడే నీడలో పలుచగా పరచి, నలిపితే పొడి అయ్యే దాకా ఆరనిచ్చి, గాలి చొరని సీసాలో, వెలుతురు తగలని చోట ఉంచాలి. కొత్తిమీర మాత్రం ఎండితే దాదాపు వాసన కోల్పోతుంది. దానిని తరిగి ఫ్రీజర్‌లో పెట్టడమే మేలు.

కూరగాయల సంగతి వేరు. బీన్స్ వంటివాటిని పచ్చిగానే ఫ్రీజర్‌లో పెడితే, వాటిలోని ఎంజైములు ఆ చలిలోనూ నెమ్మదిగా పనిచేస్తూ రంగును, రుచిని చెడగొడతాయి. మరిగే నీటిలో సుమారు 3 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీటిలో చల్లార్చి, తడి తుడిచి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద దాచితే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది.

పచ్చి ఆకులను, వెల్లుల్లిని నూనెలో ముంచి గది ఉష్ణోగ్రతలో ఉంచడం మాత్రం ఎవరూ చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. గాలి అందని ఆ నూనెలో బొటులిజం అనే ప్రాణాంతకం కాగల ఆహార విషబాధను కలిగించే బ్యాక్టీరియా పెరగగలదు. దాని విషాన్ని వాసనతో గానీ రుచితో గానీ గుర్తించలేము.