గుంటూరు–నంద్యాల లైన్: క్యాబ్‌లో నిలబడి దారి నేర్చుకోవడం

లోకో పైలట్‌కి ఇంజన్ వస్తే సరిపోదు, దారి కూడా రావాలి. కొత్త సెక్షన్‌లో బండి చేతికివ్వాలంటే ముందు ఆ దారి తెలిసిన పైలట్ వెనక నిలబడి వెళ్ళి రావాలి. దాన్ని లెర్నింగ్ రోడ్ అంటారు, లాబీలో, అంటే సిబ్బంది డ్యూటీ ఎక్కి దిగే ఆఫీసులో, అందరికీ ఎల్ఆర్. రూలు ప్రకారం మూడు ట్రిప్పులు, రాత్రి ప్రయాణం కూడా అందులో ఉండాలి. విజయవాడ నుంచి గూడూరు వైపు బల్లపరుపు మెయిన్ లైన్ మీద తిరిగినవాళ్ళకి నంద్యాల ఎల్ఆర్ వేరే చదువే. గుంటూరు నుంచి సుమారు 250 కిలోమీటర్లు. ముందంతా మెట్ట పొలాలు, చివర్లో నల్లమల ఘాట్. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు కొండల్ని చూస్తారు. ముందు అద్దంలోంచి చూసేవాడు ఆ కొండ మలుపు వెనక ఏ సిగ్నల్ ఉందో చూసుకోవాలి.

సైన్ ఆన్, అంటే డ్యూటీ ఎక్కడం, మామూలు రోజులాగే. కియోస్క్‌లో నమోదు, బ్రీత్ అనలైజర్ ఊదడం, ఎక్కడ నెమ్మదించాలో చెప్పే కాషన్ ఆర్డర్ చదవడం. ఫోన్ స్విచాఫ్. కాబట్టి ఫొటోలు, వీడియోలు తీసుకుని ఇంటికెళ్ళి చూసుకుందామంటే కుదరదు. జేబులో పట్టే నోటు పుస్తకం, పెన్సిలు తెచ్చుకోవాలి. పెన్సిలే ఎందుకంటే ఈ లైన్‌లో రెండో పట్టా వేసే డబ్లింగ్ పనులు నడుస్తున్నాయి, ఈసారి రాసుకున్న సిగ్నల్ వచ్చేసారికి పక్కకి జరిగి ఉండొచ్చు. వర్కింగ్ టైమ్ టేబుల్లోని స్టేషన్లు, గేట్లు, శాశ్వత వేగ నియంత్రణలు ముందురోజే వరసగా ఎక్కించుకుని, ఒక్కోదాని పక్కన రెండు లైన్లు ఖాళీ వదిలాను. క్యాబ్‌లో నిలబడి మొదటి నుంచీ రాయడం మొదలుపెడితే తల దించుకుని ఉండగానే సగం దారి వెళ్ళిపోతుంది.

ఆ ఖాళీలో ఏం రాయాలన్నది అసలు విషయం. నాకు దారి చూపించిన పెద్దాయన నల్లపాడు దాటకముందే తేల్చేశారు: “సిగ్నల్ ఎక్కడుందో కాదబ్బాయ్, ఎక్కణ్ణుంచి కనపడుద్దో రాసుకో.” సిగ్నల్ ఎక్కడుందో పుస్తకంలో ఉంటుంది. స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్‌కి కిలోమీటరు ముందు, అది ఎలా ఉందో చెప్పే డిస్టెంట్ సిగ్నల్ ఉంటుంది. ఆ డిస్టెంట్ వంపులోనో, కొండని తవ్వి దారి తీసిన కట్టింగ్‌లోనో ఉంటే ఎంత దూరం నుంచి కంటికి ఆనుతుందో ఏ పుస్తకంలోనూ ఉండదు. 58 బాక్సెన్ (బొగ్గులాంటివి మోసే పైకప్పు లేని) వ్యాగన్లు లోడుతో ఉంటే ఐదు వేల టన్నుల పైమాట. కనపడ్డాక బ్రేకు గురించి ఆలోచిద్దామంటే ఆలస్యమైపోతుంది. అందుకే ప్రతి సిగ్నల్‌కీ దాని ముందుండే గుర్తు ఒకటి పట్టుకోవాలి. ఇది రాగానే చెయ్యి ఏ9 (బండి మొత్తానికి బ్రేకు వేసే హ్యాండిల్) మీద ఉండాలి, చూపు ఫలానా మాస్టు (కరెంటు స్తంభం) వైపు ఉండాలి అని.

ఇంకో చిక్కుంది. పైలట్ సీటు ఎడమ పక్క, అసిస్టెంట్ కుడి పక్క. ఎల్ఆర్ చేసేవాడు ఇద్దరి మధ్యా వెనక నిలబడతాడు. కుడి వంపులో సిగ్నల్ ముందు అసిస్టెంట్‌కే కనపడుతుంది, ఎడమ వంపులో పైలట్‌కి. మధ్యలోంచి కనపడినది రేపు సీట్లో కూర్చున్నప్పుడు అక్కడే కనపడదు. అందుకని వంపు ఉన్న ప్రతిచోటా అసిస్టెంట్ గొంతెత్తి సిగ్నల్ పిలిచిన మాస్టు నంబరు ఒకటి, పైలట్ తిరిగి పలికిన మాస్టు నంబరు ఒకటి, రెండూ రాసుకున్నాను. కరెంటు స్తంభాల మీద కిలోమీటరు, దాని కింద వరస నంబరు ఉంటాయి కాబట్టి ఇది తేలికే.

గుర్తుల్లో నిలిచేవీ ఉంటాయి, మోసం చేసేవీ ఉంటాయి. ఫిరంగిపురం కొండ, వినుకొండ కొండ చూడ్డానికి బాగుంటాయి కానీ గుర్తుగా పనికిరావు. కిలోమీటర్ల తరబడి కనపడుతూనే ఉంటాయి, ఏ క్షణంలో బ్రేకు వెయ్యాలో చెప్పవు. మిర్చి కల్లాలు మరీ మోసం. ఫిబ్రవరి, మార్చిలో ఎర్రగా పరిచి ఉంటాయి, ఎండాకాలం ముదిరేసరికి అక్కడ వట్టి నేల. పట్టాల పక్కన తూము, గేటు దగ్గర గుమటీ, గర్డర్ వంతెన లాంటివే నమ్మదగ్గవి. గేటుకి 600 మీటర్ల ముందు విజిల్ బోర్డు ఎటూ ఉంటుంది కాబట్టి దాన్నే చాలాచోట్ల గుర్తుగా వాడుకోవచ్చు.

నల్లపాడులో సత్తెనపల్లి, నడికుడి వైపు లైన్ విడిపోతుంది, అక్కడ సిగ్నల్ మన దారికే పడిందా అని రూట్ చూసుకోవాలి. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్, కంభం మీదుగా గిద్దలూరు దాకా పెద్దగా చెప్పేదేమీ లేదు. న్యూట్రల్ సెక్షన్లు, అంటే పై తీగలో కరెంటు లేని ముక్కలు, మాత్రం ఎక్కడున్నాయో నోటికి రావాలి. 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల దగ్గర ఇంకోటి, తర్వాత డీజే (ఇంజన్‌కి కరెంటు ఆపే ముఖ్యమైన స్విచ్) తెరవాల్సిన బోర్డు. కరెంటు లేని ఆ ముక్కని బండి సొంత ఊపు మీదే దాటాలి. దానికి ముందే ఏదో సిగ్నల్ దగ్గర బాగా నెమ్మదించి ఉంటే లోడు బండి అందులోనే ఆగిపోతుంది, ఇంకో ఇంజన్ వచ్చి కదిలించాల్సిందే. అందుకే న్యూట్రల్ సెక్షన్ పక్కన “ముందు ఏ సిగ్నల్ ఉంది” అని కూడా రాసుకోవాలి.

ఎండ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. నంద్యాల వైపు దారి పడమరకి సాగుతుంది. సాయంత్రం బండి అయితే సూర్యుడు సూటిగా అద్దంలోకి కొడతాడు, సిగ్నల్ దీపం రంగు వెలవెలబోతుంది. పొద్దున గుంటూరు వచ్చేప్పుడు మళ్ళీ అదే బాధ. నా పుస్తకంలో కొన్ని సిగ్నళ్ళ పక్కన “సా.” అని ఉంటుంది, సాయంత్రం వాటిని ఇంకా ముందు నుంచే వెతకాలని.

గిద్దలూరు దాటి దిగువమెట్ట వచ్చాక కబుర్లు ఆగిపోతాయి. ఇక్కణ్ణుంచి గాజులపల్లి దాకా నల్లమల. ప్యాసింజర్లు ఎదురుచూసే దారి ఇదే, క్యాబ్‌లో పక్కకి చూడ్డానికి తీరిక లేనిదీ ఇదే. వంపు మీద వంపు, రెండు పక్కలా కట్టింగులు, వానాకాలం అయితే పట్టాల మీదకి వాలిన పచ్చదనం. తడిసిన ఆకులు నలిగి పట్టా మీద జారుడు పొర కడతాయి. ఎక్కుడులో లోడు లాగుతున్న ఇంజన్ చక్రం దాని మీద పట్టు వదిలి గిర్రున తిరుగుతుంది. అలా జారాక ఇసుక వేస్తే సగం ప్రయోజనమే. జారబోయే చోటుకి కాస్త ముందే ఇసుక వేసే సాండర్ తొక్కి, ఇంజన్ లాగుడు పెంచి తగ్గించే త్రోటిల్ ఒక మెట్టు తగ్గించి లాగాలి. తొందరపడి ఒకేసారి పెంచితే చక్రం మళ్ళీ జారుతుంది, వేగం పడిపోతుంది, చివరికి ఎక్కుడు మధ్యలో బండి నిలబడిపోతుంది. ఏ కట్టింగ్‌లో తడి ఎక్కువుంటుందో రాసుకోవడం అందుకే.

సొరంగంలో ఆ తడి ఏడాదంతా ఉంటుంది. బొగడ సొరంగం సుమారు ఒకటిన్నర కిలోమీటరు, అంటే 650 మీటర్ల గూడ్సు బండి మొత్తం లోపల పట్టేస్తుంది. రాతిలోంచి ఊరే నీళ్ళతో పట్టా పొడిగా ఉండదు, వాకీటాకీలో వెనక గార్డు మాట సరిగా అందదు. లోపల ఆగకుండా చూసుకోవడమే తెలివి. బయటికి రాగానే వెలుతురికి కళ్ళు ఒకట్రెండు క్షణాలు చెదురుతాయి. ముందే కళ్ళు కొద్దిగా చికిలించి ఉంచమని పెద్దాయన సలహా, అది పనిచేస్తుంది. మీటర్ గేజ్ రోజుల్లో ఈ సొరంగం లేదు, బండ్లు దొరబావి వంతెన మీదుగా వెళ్ళేవి. బ్రాడ్ గేజ్ కోసం దారి మళ్ళించి కొండ తొలిచారు.

ఎత్తు దాటే చోటు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. బండి ముందు సగం దిగుతుంటుంది, వెనక సగం ఇంకా ఎక్కుతుంటుంది. ఇంజన్ ఎత్తు దాటిందని వెంటనే లాగుడు ఆపేస్తే వెనక వ్యాగన్లు వెనక్కి గుంజి కప్లింగుల్లో కుదుపు పుడుతుంది, తెగే ప్రమాదం ఉంది. తెగితే గాలి ఎంత పోతోందో చూపే ఎయిర్‌ఫ్లో ఇండికేటర్ సూది ఎగురుతుంది, బ్రేక్ పైప్‌లో గాలి ఒత్తిడి 5 కేజీల నుంచి పడిపోతుంది. కాబట్టి త్రోటిల్ మెల్లగా తగ్గిస్తూ, వెనక సగం కూడా దాటాకే రీజెనరేటివ్ బ్రేకులోకి (ఇంజన్ మోటార్లతోనే బండిని ఆపే బ్రేకు) వెళ్ళాలి. దిగుడంతా దాని మీదే బండిని పట్టుకోవాలి. దిగుడులో ఏ9 మాటిమాటికీ వేసి వదలడం పెద్ద తప్పు. గూడ్సు వ్యాగన్ బ్రేకు పూర్తిగా వదలడానికి నిమిషం దాకా పడుతుంది. గాలి నిండకముందే మళ్ళీ వేస్తే ప్రతిసారీ పట్టు తగ్గుతూ పోతుంది.

అడవిలో దుప్పులు, అడవిపందులు లైన్ మీదకి వస్తాయి. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో నిలబడిపోయేవే ఎక్కువ. విజిల్ ఆపకుండా ఇవ్వడం తప్ప చేసేదేమీ లేదు.

రాత్రి ట్రిప్పులో పగలు రాసుకున్న గుర్తుల్లో చాలావరకు కొట్టెయ్యాల్సి వచ్చింది. అప్పుడు చెవితో పని. గర్డర్ మీద మోత మారుతుంది, కట్టింగ్‌లోకి వెళ్తే ఇంజన్ శబ్దం తిరిగి మనకే కొడుతుంది, మట్టికట్ట మీదకి రాగానే పలచబడుతుంది, బిగువు వంపులో చక్రం అంచు కీచుమంటుంది. రాత్రి పేజీలో నేను రాసుకున్నవి ఎక్కువగా ఇవే.

అన్నీ అయ్యాక, దారి వచ్చిందని లాబీ రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. పెడితేనే సిస్టమ్‌లో ఆ సెక్షన్ మన పేరున ఎక్కుతుంది, బండికి పిలుస్తారు. దానికి ముందు ఇన్‌స్పెక్టర్ నాలుగు ప్రశ్నలు వేస్తారు, ఎక్కువగా ఘాట్ గురించి, న్యూట్రల్ సెక్షన్ల గురించి. ఏదైనా ముక్క మీద అనుమానం ఉంటే ఇంకో ట్రిప్పు అడగండి, కాదనరు. సంతకం పెట్టాక ఆ అనుమానం మన బాధ్యత. మూడు నెలలు దాటి ఆ దారిలో పనిచెయ్యకపోతే మళ్ళీ ఒక ఎల్ఆర్, ఆరు నెలలు దాటితే రెండు, రెండేళ్ళు దాటితే మొదటి నుంచీ మూడూ చెయ్యాలి. సెలవు మీద వెళ్ళేవాళ్ళు తేదీ చూసుకోవాలి.