నాన్న సంచిలో కవర్లు

కీమోకి నాన్నని పాడేరు నుంచి విశాఖ తీసుకెళ్తుంటే, ఘాట్ రోడ్డు దిగాక చెక్‌పోస్టులో బస్సు ఆపారు. గంజాయి తనిఖీ. కానిస్టేబుల్ మా సంచి తెరిచి, వాంతుల కోసం పెట్టుకున్న ప్లాస్టిక్ కవర్ల కట్ట చూసి, ఏమీ అనకుండా జిప్పు మూసేశాడు.

ఆ కట్ట రెండు రోజులు కూడా వచ్చేది కాదు. వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్ర వేసినా అంతే. అమ్మ గంజి తెస్తే ఆ వాసనకే మొహం తిప్పేసుకునేవాడు.

మా బాబాయి ఒకరోజు చెవిలో, "రెండు దమ్ములు లాగితే తగ్గుద్దంట్రా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎంత లాగాలో ఎవరు చెప్తారు? పైగా 20 కేజీలు దాటిన మూటతో దొరికితే కనీసం పదేళ్ళ జైలు. కూలి డబ్బులకి ఆశపడి ఇరుక్కున్న కుర్రాళ్ళు మా ఏజెన్సీలో చాలామందే ఉన్నారు.

కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మన ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం, వచ్చిన 1985లోనే, అమెరికాలో కీమో వాంతులకి డ్రోనాబినాల్, నాబిలోన్ మాత్రలకు అనుమతిచ్చారు. గంజాయిలో ఉండే మత్తు పదార్థం లాంటిదాన్ని ల్యాబులో తయారుచేసిన మందులవి. మామూలు మందులకి లొంగని వాంతులకి. మన చట్టంలోనూ 8వ సెక్షన్ వైద్య అవసరాలకి మినహాయింపు ఇచ్చింది. పూత లేకుండా విడిగా ఉన్న ఆకు, చట్టం లెక్కలో గంజాయి కిందకే రాదు, అందుకే కాశీలో ఆ ఆకుతో చేసే భంగు దుకాణాలు! నొప్పికి మార్ఫిన్ అందడం కోసం 2014లో ఇదే చట్టాన్ని సవరించారు కదా, దీనికెందుకు కుదరదు? పొగ కాదు నేనడిగేది. డాక్టరు చీటీ మీద, మోతాదు రాసి ఇచ్చే మాత్ర.

బాబాయి గుసగుస నాన్నకి వినపడిందట. "ఒరేయ్, ముందు ఆ గంజి గిన్నె అవతల పెట్టండి" అన్నాడు.