అడిగి నడిచారా, అడక్కుండా నడిచారా?

మా పొలానికి పోవాలంటే బాబాయి పొలంలోంచే పోవాలి. మధ్యలో ఒక బోదె, దాని మీద నాన్న వేయించిన రెండు బండరాళ్ళ వంతెన. నలభై ఏళ్ళు బళ్ళు తిరిగి ఆ రాళ్ళ మీద రెండు గాడులు పడ్డాయి. బాబాయి పోయాక ఆయన పిల్లలు పొలం అమ్మేశారు. కొన్నాయన నెల తిరక్కుండా వంతెన అవతల కంచె వేశారు. "మీకు దారి ఉందని ఏ కాగితంలో ఉంది?" అన్నారు. అప్పటికి వరి కోతకొచ్చింది. కోత మిషను లోపలికి వెళ్ళే దారి లేదు.

లాయరు గారి దగ్గర ధీమాగానే చెప్పాను, నలభై ఏళ్ళుగా నడుస్తున్నామని. ఆయన ఒకటే అడిగారు: "అడిగి నడిచారా, అడక్కుండా నడిచారా?" నాన్న ఏటా దుక్కికి ముందు బాబాయి ఇంటికెళ్ళి ఒక మాట అడిగి వచ్చేవారని చెప్పాను. లాయరు గారు పెన్ను కింద పెట్టేశారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల (ఇతరుల నేలను వాడుకునే హక్కుల) చట్టం 15వ సెక్షన్ ప్రకారం వాడకం వల్ల దారి హక్కు రావాలంటే, ప్రైవేటు భూమి మీద అయితే 20 ఏళ్ళు బహిరంగంగా, గొడవ లేకుండా, ఆగకుండా, మా హక్కు అన్నట్టు నడవాలి. అడిగి నడిస్తే అది అనుమతి, మామూలుగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నాన్న మర్యాదే మాకు అడ్డొచ్చిందని ఆ రాత్రంతా నిద్రపట్టలేదు.

దారి చూపింది పాత ట్రంకు పెట్టెలోని పంపకాల దస్తావేజు. రెండు పొలాలూ ఒకప్పుడు తాతగారి ఒకే కమతం. ఉమ్మడి ఆస్తి పంచినప్పుడు ఒకరి వాటా అనుభవించడానికి రెండో వాటాలోంచి దారి తప్పనిసరైతే, రాసుకోకపోయినా ఆ హక్కు పుడుతుందని 13వ సెక్షన్ చెబుతుంది. అడిగామా లేదా అన్న ప్రశ్నే రాదు, పొలం చేతులు మారినా పోదు. కానీ వేరే దారి అసలు ఉండకూడదు. చుట్టూ తిరిగి పోవాలి, ఇబ్బంది అంటే కోర్టు వినదు.

దావా రాయించేటప్పుడు "ఆ దారి మాది" అన్నాను. లాయరు గారు వెంటనే ఆపారు. నేల వాళ్ళదే, నడిచే హక్కు మాత్రమే మాది. నేల కూడా మాదే అంటే కేసు అడ్డం తిరుగుతుందట. కోత వరకు అడ్డుపెట్టొద్దని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఉత్తరాన డొంక ఉందిగా అని అవతలి వాళ్ళు వాదించారు. కోర్టు తన తరఫున స్థలం చూసి రిపోర్టు ఇవ్వడానికి ఒక లాయరును అడ్వొకేట్ కమిషనర్‌గా పంపింది. ఆయన సర్వేయరుతో వచ్చి ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పటం) చేత్తో పట్టుకుని డొంక వెంట నడిచారు. అది మా పొలానికి రెండు చేల ముందే ఆగిపోయింది. తిరిగొచ్చి వంతెన దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గాడుల లోతు టేపుతో కొలిచి రాసుకున్నారు.

ఆ రిపోర్టు వచ్చాక అవతలాయనే రాజీకి వచ్చారు. పొలం మధ్యలోంచి కాకుండా తూర్పు గట్టు వెంట పది అడుగులు ఇస్తామన్నారు. గెలిచే కేసులో రాజీ ఎందుకని ఇంట్లో అడిగారు. అవసరం మీద పుట్టిన హక్కు ఆ అవసరం తీరిన రోజే పోతుంది. రేపు ఇంకోవైపు రోడ్డు పడితే మాకేమీ మిగలదు. అదే స్కెచ్చుతో సహా రాసిచ్చిన హక్కయితే అలా పోదు. లోక్ అదాలత్‌లో సంతకాలయ్యాయి, దాని మీద అప్పీలు కూడా ఉండదు. వంతెన మరమ్మతు ఖర్చు మాదేనని ఒప్పుకున్నాం.

కొత్త దారిలో బోదె మీద వేయడానికి సిమెంటు తూములు చూశాం గానీ, అమ్మ ఒప్పుకోలేదు. పాత బండరాళ్ళే ఎత్తించి, గాడులు పైకి వచ్చేలా పరిపించాం.