సన్యాసి తల మళ్ళీ సముద్రం దాటింది: మూడో బోర్డు

బొమ్మ వేస్తున్న మూడో బోర్డు కూడా పోయింది. ఇసుక దిబ్బ ఒక్క పూతకే కుదిరింది. చిక్కంతా ఆ సన్యాసితోనే.

జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1808-1810 మధ్య వేసిన 'సముద్రతీరాన సన్యాసి'ని చూసి వేస్తున్నా. బెర్లిన్‌లో ఉన్న అసలు బొమ్మ 110 × 171.5 సెం.మీ., నా బోర్డు 30 × 47. మనిషిని 2.8 సెం.మీ. ఎత్తు పెట్టా. తల హొరైజన్ (నీళ్ళూ ఆకాశం కలిసే గీత) దాటి 3 మి.మీ. పైకొచ్చింది. ఆ మాత్రానికేంలే అని పడుకున్నా. పొద్దున్నే చూస్తే సన్యాసి కాస్తా వీరుడైపోయాడు! మా చెల్లి "ఎవరన్నయ్యా ఈయన, ఎలక్షన్లో నిలబడ్డాడా?" అంది.

ప్రింట్ పక్కన పెట్టి చూశా. అసలు బొమ్మలో తల హొరైజన్ దాకా రాదు, నల్లటి నీళ్ళలోనే కలిసిపోయి ఉంటుంది. బొమ్మ మొత్తంలో నిటారుగా ఉన్నది ఆ మనిషొక్కడే, ఆయనకీ ఆకాశం అందదు. బొమ్మలోని దిగులు అక్కడి నుంచే వస్తోందని నా అనుమానం. ఫ్రీడ్రిక్ తర్వాత వేసిన 'పొగమంచు మీది బాటసారి'లో తల, భుజాలు మంచు పైకి లేచి ఉంటాయి. అందుకే అక్కడ మూడ్ వేరు.

సరే, పాదాలు కదపకుండా 2.4కి తగ్గించా. తల గీతకి 1 మి.మీ. కిందకి దిగింది గానీ, హొరైజన్‌నే టోపీగా పెట్టుకున్నట్టుంది. 2.0కి తెస్తే బాగుంది. కానీ పాత తల రంగు గట్టుకట్టి, పక్క నుంచి లైటు పడితే దెయ్యంలా కనిపిస్తోంది. 400 నంబర్ గరుకు కాగితంతో రుద్దితే ఆకాశం కూడా లేచిపోయింది. ఆ అతుకు కోసం మూడుసార్లు రంగు కలిపా. తడిగా ఉన్నప్పుడు సరిపోతుంది, ఆరాక ముదురుతుంది. విసుగొచ్చి చుట్టూ నలుపు పులిమా. దిగులు రాలేదు, వానమబ్బు వచ్చింది.

ఇలాంటి ఆకాశానికి నేను వాడిన అక్రిలిక్ (త్వరగా ఆరిపోయే రంగు) దండగ, ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కలిపినా సరే. తెలుపు వరకు కేమల్ కంపెనీది చాలు, నీలానికి మాత్రం కాస్త ఖర్చు పెట్టాలి. అన్నట్టు, ఫ్రీడ్రిక్ కూడా ముందు ఓడలు గీసి, తర్వాత కప్పేశాడని ఇన్‌ఫ్రారెడ్ ఫోటోల్లో బయటపడింది. ఓడ ఒక్కటున్నా చూపు దాని మీద వాలేది. ఆయన చెరిపింది కనపడదు, నాది కనపడుతోంది, అంతే తేడా.

నాలుగోది ఆయిల్‌లోనే. మనిషిని చివర్లో వేస్తా, ముందు 2 సెం.మీ. నల్ల కాగితం ముక్కని టేపుతో అటూ ఇటూ జరిపి చూసుకుని. అది కుదిరితే ఫ్రీడ్రిక్‌దే 'ఓక్ వనంలో మఠం' మొదలుపెడతా, 1810లో ఈ రెంటినీ బెర్లిన్ అకాడమీలో కలిపే ప్రదర్శించారు. ఆ ఎండుకొమ్మలకి సన్నటి రిగ్గర్ బ్రష్ (పొడవాటి కుచ్చుతో సన్న గీతలు గీసేది) కావాలి. నా దగ్గరున్నది మొన్నే రెండుగా చీలింది.