నడిస్తేనే ఒంపు తిరిగే ఎముక

నేను చేసే పని చెప్పగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇప్పటిదాకా మీరు ఏం తవ్వి తీశారు? ఏమీ తీయలేదు. మనిషి ఎముకలు, కోతుల ఎముకలు, చింపాంజీ గొరిల్లా లాంటి తోకలేని వానరాల ఎముకలు కాలక్రమంలో ఎలా మారుతూ వచ్చాయన్నది నా సబ్జెక్టు. పీహెచ్‌డీ రోజుల నుంచి ఇదే పని, కానీ ఇందులో ఎక్కువ భాగం గడిచింది ఎడారిలో కాదు, మ్యూజియంల వెనక గదుల్లో, సందర్శకులు రాని చోట, చేతిలో ఎముకలు కొలిచే వెర్నియర్ కాలిపర్‌తో. ఒక సొరుగులో గొరిల్లా తొడ ఎముకలు, పక్క సొరుగులో గిబ్బన్ చేతులు, పైన అట్టపెట్టెల్లో వెన్నుపూసలు దారానికి గుచ్చి.

శిలాజాలు వెతికేవాళ్ళంటే నాకు చాలా గౌరవం. 1984లో కెన్యాలో తుర్కానా సరస్సు దగ్గర, నేలమీది గులకరాళ్ళ మధ్య చిన్న పుర్రె ముక్కను కమోయా కిమేయు గుర్తుపట్టాడు, దాని వెంట తవ్వుకుంటూ పోతే సుమారు 15 లక్షల ఏళ్ళ నాటి ఒక పిల్లవాడి అస్థిపంజరం దాదాపు మొత్తం బయటపడింది. ఆ చూపు అందరికీ ఉండదు. కానీ దొరికిన ముక్క ఏం చెబుతోందో తేలాలంటే దాన్ని వేరే ఎముకల పక్కన పెట్టి చూడాలి, బతికి ఉండగా ఎలా కదిలిందో మనకు తెలిసిన జంతువుల ఎముకల పక్కన. ఈ రంగంలో మా లాంటివాళ్ళం ఎక్కువమందిమి చేసేది అదే.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇదంటే నాకు మొదటి నుంచీ ప్రాణం. మోకాలు.

మీరు నిలబడి కిందికి చూసుకోండి. తొడలు పైన తుంటి దగ్గర దూరంగా మొదలై కిందికి వచ్చేసరికి మోకాళ్ళ దగ్గర ఒకదానికొకటి దగ్గరవుతాయి. అంటే మన తొడ ఎముక నిట్టనిలువుగా ఉండదు, మోకాలి కీలు మీద కొంచెం ఏటవాలుగా కూర్చుంటుంది. అందువల్లే ఒక కాలు ఎత్తి అడుగు వేసే క్షణంలో రెండో పాదం సరిగ్గా శరీరం బరువు కిందికి వస్తుంది. చింపాంజీ తొడ ఎముక దాదాపు నేరుగా దిగుతుంది, కాబట్టి అది రెండు కాళ్ళ మీద నడిచినప్పుడు ఒళ్ళంతా అటూ ఇటూ ఊగుతుంది. 1973లో ఇథియోపియాలోని హదార్‌లో డోనాల్డ్ జొహాన్సన్ అనే శాస్త్రవేత్తకు ఒక మోకాలి కీలు దొరికింది, మన పూర్వీకుల్లో పేరుమోసిన అస్థిపంజరం లూసీ అక్కడే దొరకడానికి ఏడాది ముందు. 30 లక్షల ఏళ్ళకు పైబడిన ఆ కీలులో ఈ ఏటవాలు స్పష్టంగా ఉంది. పుర్రె లేదు, పళ్ళు లేవు, అయినా ఆ జీవి మనలాగే రెండు కాళ్ళ మీద నడిచిందని చెప్పడానికి ఆ మోకాలు చాలింది.

చాలామంది పాఠం ఇక్కడితో ఆపేస్తారు, నాకు మాత్రం అసలు సంగతి దీని తరవాతే మొదలవుతుంది. పుట్టిన బిడ్డ తొడ ఎముకలో ఈ ఏటవాలు ఉండదు. బిడ్డ లేచి నిలబడి, తప్పటడుగులు వేసి, పరిగెత్తడం మొదలుపెట్టాక, కీలు పైన ఎముక పెరిగే చోట బరువు పడే తీరును బట్టి ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ పెరుగుతూ కొన్నేళ్ళలో ఆ కోణం తయారవుతుంది. పక్షవాతం వల్లో మరో కారణం వల్లో ఎన్నడూ నడవని పిల్లల్లో తొడ ఎముక నేరుగానే ఉండిపోతుంది. అంటే ఈ కోణం వంశం నుంచి సిద్ధంగా రాదు, ప్రతి మనిషీ నడిచి సంపాదించుకోవాల్సిందే.

అదే ఎముకలో ఆ కోణానికి వేలెడు దూరంలో ఇంకొకటి ఉంది. మోకాలి చిప్ప జారే గాడికి బయటివైపు గట్టు కొంచెం ఎత్తుగా ఉంటుంది. ఏటవాలు తొడ వల్ల కండరం లాగినప్పుడల్లా చిప్ప బయటికి జారిపోవాలని చూస్తుంది, ఆ గట్టు దాన్ని ఆపుతుంది. అవసరం పుట్టించింది ఆ కోణమే కాబట్టి గట్టు కూడా నడకతోనే వస్తుందని ఎవరైనా అనుకుంటారు. కానీ గర్భంలో ఉన్న పిండం తొడ ఎముకలో అప్పటికే ఆ గట్టు కనిపిస్తుంది, ఒక్క అడుగైనా పడకముందే. ఒకే ఎముక, ఒకే పని కోసం ఏర్పడిన రెండు లక్షణాలు, ఒకటి బతుకు దిద్దింది, ఇంకొకటి తరతరాల ఎంపిక అప్పగించింది.

నా పని మొత్తం ఇదే అని చెప్పొచ్చు. ఎముక ఆకారంలో వంశం ఎంత, బతుకు ఎంత అని విడదీయడం. హదార్ మోకాలిలో కోణం ఉందంటే దాని జాతి నడిచే జాతి అని మాత్రమే కాదు, ఆ ఒక్క జీవి చిన్నప్పుడు లేచి నడిచిందని కూడా తెలుస్తోంది. ఇన్ని లక్షల ఏళ్ళ కిందట ఒక పిల్ల రెండు కాళ్ళ మీద తిరిగిందనడానికి సాక్ష్యం ఎముక ఆకారంలోనే మిగిలి ఉంది. ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది నాకు.

కటి భాగం కథ కూడా చెప్పాలి, కొంచెం తొందరగా చెప్తాను. ఒక కాలి మీద నిలబడి ఆ వైపు తుంటి పక్కన చెయ్యి ఆనించండి, లోపల కండ గట్టిపడటం తెలుస్తుంది. ఎత్తిన కాలి వైపు నడుము కిందికి వాలిపోకుండా పట్టుకునేది అదే. మన తుంటి ఎముక రెక్కలు పొట్టిగా, పక్కలకు తిరిగి ఉండటం వల్ల ఆ కండ ఈ పని చేయగలుగుతోంది. చింపాంజీలో రెక్కలు పొడుగ్గా వీపు వైపు ఉంటాయి, అదే కండ అక్కడ కాలిని వెనక్కి తోయడానికి పనికొస్తుంది. లూసీ రెక్కలు పొట్టివే, పక్కలకు బాగా విచ్చుకున్నవే. 32 లక్షల ఏళ్ళ కిందటే మెడ కింది ఒళ్ళు ఇంత మారిపోయింది, మెదడు మాత్రం దాదాపు చింపాంజీ మెదడంతే. ముందు తెలివి పెరిగి తరవాత మనిషి నిటారుగా నిలబడ్డాడని నమ్మినవాళ్ళు ఒకప్పుడు చాలామంది, 1912లో ఇంగ్లండ్‌లో బయటపెట్టిన పిల్ట్‌డౌన్ పుర్రె మోసం 1953 దాకా చెల్లుబాటు కావడానికి ఆ నమ్మకం కూడా ఒక కారణం. మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ కలిపి పెట్టారు, అందరూ చూడాలనుకున్నది అదే.

మరి కోణం నడకతో వస్తుంది, గట్టు ముందే వస్తుంది అని ఎలా తెలిసింది? వయసు తెలిసిన ఎముకలు ఉండబట్టి. పసిపిల్లలవి, ఎదిగినవాళ్ళవి, నడిచినవాళ్ళవి, నడవనివాళ్ళవి. జంతువుల్లో ఇలాంటి సంపదకు మంచి ఉదాహరణ ప్యూర్టోరికో పక్కనున్న కాయో శాంటియాగో దీవి. 1938లో ఇండియా నుంచి సుమారు 400 రీసస్ కోతుల్ని తీసుకెళ్ళి అక్కడ వదిలారు. వాటి సంతానం ఇప్పటికీ అక్కడే స్వేచ్ఛగా తిరుగుతోంది, ఏ కోతి ఎప్పుడు పుట్టింది, తల్లి ఎవరు, ఎప్పుడు చనిపోయింది అన్నీ రాసిపెట్టి అస్థిపంజరాలు కూడా దాస్తారు. తల్లీబిడ్డల ఎముకల్ని పక్కపక్కన పెట్టి కొలిచే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది?

మనుషుల ఎముకల విషయానికి వస్తే మాత్రం మాట అంత తేలిగ్గా రాదు. క్లీవ్‌లాండ్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న హామన్-టాడ్ సేకరణలో 3,000కు పైగా మానవ అస్థిపంజరాలున్నాయి, ప్రపంచంలో ఈ రంగంలో వచ్చిన ఎన్నో పేపర్లకు ఆధారం అదే. అవి ఎక్కువగా 20వ శతాబ్దం మొదట్లో ఎవరూ వచ్చి తీసుకోని శవాలు. అంటే పేదవాళ్ళు, వలస వచ్చినవాళ్ళు, నల్లజాతివాళ్ళు. వాళ్ళను ఎవరూ అడగలేదు. ప్రపంచమంతటా మెడికల్ కాలేజీల్లో వేలాడిన అస్థిపంజరాల్లో చాలా భాగం ఇండియా నుంచి ఎగుమతి అయినవే, 1985లో ప్రభుత్వం నిషేధించేదాకా ఆ వ్యాపారం నడిచింది. వాళ్ళనీ ఎవరూ అడగలేదు. ఈ ఎముకల్ని ముట్టుకునే ప్రతి విద్యార్థికీ కాలిపర్ ఇచ్చే ముందు ఈ విషయం చెప్పాలని నా గట్టి అభిప్రాయం. సేకరణలన్నీ మూసేయమని నేను అనను, కానీ పెట్టె మీది నంబరు ఒకప్పుడు ఒక మనిషి పేరు అన్న స్పృహ లేకుండా కొలతలు తీసుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వారసులు, సమాజాలు ఎముకలు తిరిగి అడిగితే ఇచ్చేయాలి. దానివల్ల ఒక పరిశోధన ఆగిపోతే ఆగిపోనీ.

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలకు నేను తప్పకుండా చెప్పే కథ రామాపిథెకస్‌ది. శివాలిక్ కొండల్లో 1930లలో దొరికిన దవడ ముక్క అది. 1960లలో ఎల్విన్ సైమన్స్, డేవిడ్ పిల్బీమ్ లాంటి పెద్దవాళ్ళు ఇదే మనిషి వంశానికి ఆది అన్నారు, పాఠ్యపుస్తకాల్లో కూడా ఎక్కింది. ఆధారం కొన్ని దవడలూ పళ్ళూ, అంతే. తరవాత పాకిస్తాన్‌లో పోత్వార్ పీఠభూమి మీద రామాపిథెకస్‌కు బాగా దగ్గరిదైన శివాపిథెకస్ ముఖం ఒకటి దొరికింది, చూస్తే అచ్చం ఒరాంగుటాన్ పోలిక. 1982లో దాన్ని ప్రచురించింది ఎవరో కాదు, పిల్బీమే. తను కట్టిన వాదాన్ని తనే విప్పేశాడు. సైన్స్‌లో నాకు బాగా నచ్చిన ఘట్టాల్లో ఇది ఒకటి. కథ అక్కడా ఆగలేదు, 1990లో అదే జాతి భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముకలు ప్రచురించారు, అవేమో ఒరాంగుటాన్‌లా కొమ్మలకు వేలాడే జంతువువి కావు, నాలుగు కాళ్ళ మీద నడిచే జంతువు పోలికలో ఉన్నాయి. ముఖం ఒక మాట చెబితే చెయ్యి ఇంకో మాట చెప్పింది. ఏ ఒక్క ఎముకనూ నమ్మి వంశవృక్షం గీయకూడదని నేను విద్యార్థులకు పదేపదే చెప్పేది అందుకే.

ఇక ఉద్యోగాల సంగతి, ఎందుకంటే మెయిల్స్‌లో ఎక్కువగా అడిగేది అదే. ఆంత్రోపాలజీ శాఖల్లో పోస్టులు చాలా తక్కువ. పీహెచ్‌డీ తరవాత ఒకటి రెండేళ్ళ కాంట్రాక్టు, అది అయ్యాక ఇంకో దేశంలో ఇంకో కాంట్రాక్టు, ఇలా గడిచే కాలం నిజంగా టెన్షన్‌తో కూడిందే, కుటుంబం ఉన్నవాళ్ళకు మరీను. మా రంగంలో చాలామందికి జీతం వచ్చేది మెడికల్ కాలేజీల్లో అనాటమీ చెప్పడం వల్ల. దాన్ని రెండో రకం పనిగా చూడకండి. కండరం ఎముకకు ఎక్కడ అంటుకుంటుందో, నరం ఏ సందులోంచి వెళ్తుందో చేత్తో పట్టుకుని నేర్చుకోకపోతే శిలాజం మీద గరుకుగా కనిపించే మచ్చ ఏమిటో ఎప్పటికీ తెలియదు. కంప్యూటర్ కూడా నేర్చుకోండి, ఇప్పుడు సగం పని సీటీ స్కాన్‌ల మీదే. 2015లో దక్షిణాఫ్రికాలో దొరికిన హోమో నలేడీ అనే పాత మానవ జాతిని ప్రకటించినప్పుడు ఎముకల త్రీడీ నమూనాలను ఎవరైనా దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టారు, అసలు శిలాజం చూడటానికి ఏళ్ళ తరబడి అనుమతి కోసం ఎదురుచూసే అలవాటున్న ఈ రంగంలో అది పెద్ద మార్పు. ఆ కాలపు విద్యార్థి అయి ఉంటే బాగుండేదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. అయితే స్కాన్‌తోనే సరిపెట్టుకోకండి, ఎముక బరువు, అంచుల అరుగుదల తెరమీద తెలియవు. కొలతలు తీశాక కొన్ని రోజులు ఆగి, పాత అంకెలు చూడకుండా మళ్ళీ కొలవండి. రెండింటి మధ్య తేడా మీరు చూపించబోయే జాతుల తేడాకు దగ్గరగా ఉంటే ఆ పేపరు రాయకండి.

మనకు చింపాంజీకి ఉమ్మడి పూర్వీకుడు ఎలా నడిచాడన్నది ఇప్పటికీ తేలలేదు. వేళ్ళ కణుపులు నేలకు ఆనించి నడిచాడా, లేక చింపాంజీ, గొరిల్లా ఆ నడకను తరవాత విడివిడిగా నేర్చుకున్నాయా? 2009లో ఇథియోపియాలో దొరికిన 44 లక్షల ఏళ్ళ నాటి ఆర్డి (ఆర్డిపిథెకస్) అస్థిపంజరాన్ని ప్రచురించిన బృందం కణుపుల నడక ఆనవాళ్ళు లేవంది, ఒప్పుకోనివాళ్ళు ఇంకా ఉన్నారు. నాకు రెండో వాదమే, అంటే విడివిడిగా వచ్చిందన్నదే, ఎక్కువ బలంగా కనిపిస్తోంది. కానీ నిరూపించే ఎముక లేదు. మన వైపు ఎన్నో శిలాజాలుండగా చింపాంజీ వైపు గట్టిగా చెప్పుకోదగ్గవి 2005లో కెన్యా నుంచి ప్రకటించిన కొన్ని పళ్ళు మాత్రమే, అవీ 5 లక్షల ఏళ్ళ పైచిలుకువి. తడి అడవి నేలలో ఎముక నిలవదు. ఎప్పటికైనా ఆ వైపు నుంచి 50 లక్షల ఏళ్ళ నాటిది ఏదైనా దొరికితే అది పుర్రె కాకుండా ముంజేతి కింది చివర, మణికట్టు అయితే చాలని నా కోరిక. కణుపుల మీద బరువు మోసిన చెయ్యి అయితే ఆ కీలు అంచుల్లోనే తెలిసిపోతుంది.